'పిక్ అప్' వాడకం: పికప్ తెలిసిన తిరుపతోళ్ల కోసం ఏడు మెట్ల మార్గదర్శి

మా వీధిలో ఒక టాక్సీ అన్న ఉన్నాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే ఆయన ఫోన్‌కి ఒక మెసేజ్ వచ్చింది. 'ప్లీజ్ పిక్ అప్.' రెండే ముక్కలు. పంపింది ఆ సాయంత్రం నాలుగు గంటల విమానానికి దిగాల్సిన పార్టీ. ముందే వచ్చేశారేమో అనుకుని అన్న టీ గ్లాసు సగంలో పెట్టేసి, ఒంటిగంట ఎండలో రేణిగుంట విమానాశ్రయానికి బండి తోలాడు. సుమారు పదిహేను కిలోమీటర్లు. జేబులో ఫోన్ సైలెంట్‌లో ఉంది. అక్కడికి చేరి తీసి చూస్తే తొమ్మిది మిస్డ్ కాల్స్. వాళ్లు ఇంకా విమానమే ఎక్కలేదు. ప్రయాణం రేపటికి మారిందని చెప్పడానికి అన్ని సార్లు ఫోన్ చేశారు, ఎత్తకపోయేసరికి ఆ మెసేజ్ పెట్టారు. అంటే 'వచ్చి మమ్మల్ని ఎక్కించుకో' అని కాదు, 'ఫోన్ ఎత్తు నాయనా' అని.

ఆయనకు ఇంగ్లీషు రాదని కాదు. పికప్ అన్న మాట రోజుకు ఇరవై సార్లు ఆయన నోట్లోంచే వస్తుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. కొత్త మాటైతే ఎవరినైనా అడిగేవాడు. తెలిసిన మాట కాబట్టి అడగలేదు.

నేను సాయంత్రాలు ఇలాంటి ఇద్దరు ముగ్గురు డ్రైవర్లకు, ఒక లాడ్జి రిసెప్షన్ కుర్రాడికి ఇంగ్లీషు చెబుతుంటాను. ఆ రోజు తర్వాత పాఠం మార్చేశాను. వంద ఫ్రేజల్ వర్బ్‌ల (క్రియ వెనక అప్, ఆఫ్ లాంటి చిన్న మాట చేరిన జంటల) జాబితా పక్కన పడేసి, పది రోజులు ఈ ఒక్క 'పిక్ అప్' మీదే కూర్చున్నాం. ఆ పది రోజుల్లో కుదిరిన పద్ధతే ఇది. అలిపిరి దారిలో 3,550 మెట్లుంటే దీనికి ఏడు. ఏడుకొండలవాడి ఊరని ఏడు పెట్టలేదు, లెక్క అలా వచ్చింది.

మొదటి మెట్టు: మనకొచ్చిన 'పికప్'ను కాసేపు పక్కన పెట్టండి

తెలుగులో మనం వాడే పికప్ ఒక నామవాచకం, అంటే ఒక వస్తువు పేరో పని పేరో. 'బండికి పికప్ లేదు', 'పికప్ పాయింట్ ఎక్కడ', 'ఈరోజు రెండు పికప్‌లు ఉన్నాయి', 'బొలెరో పికప్‌లో కాయలు ఎత్తించు'. అన్నీ సరైన వాడకాలే. ఇంగ్లీషులో కూడా ఈ పికప్ ఉంది, అది ఒకే మాట, మధ్యలో ఖాళీ లేకుండా రాస్తారు. వీణకు బిగించే చిన్న మైకును కూడా పికప్ అనే అంటారు.

క్రియ వేరు. అది రెండు ముక్కలు: పిక్, అప్. మధ్యలో ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోకి వేరే మాటలు కూడా వచ్చి కూర్చుంటాయి. నాలుగో మెట్టులో మనల్ని ఇబ్బంది పెట్టేది ఆ ఖాళీయే.

తెలుగులో మనం ఏ ఇంగ్లీషు మాటనైనా 'చేయడం' తగిలించి క్రియగా మార్చేస్తాం. పికప్ చేస్తాను, పికప్ చేశాను. తెలుగులో అది బాగానే నడుస్తుంది. దాన్నే ఇంగ్లీషులోకి తిప్పినప్పుడు 'ఐ విల్ డూ పికప్' అవుతుంది, ఇంకొంచెం ధైర్యం చేస్తే 'ఐ పికప్డ్ హిమ్' అవుతుంది. రెండూ తప్పే. కాలం మారినప్పుడు మారేది 'పిక్' ఒక్కటే, 'అప్' రాయిలా ఉండిపోతుంది: పిక్స్ అప్, పిక్డ్ అప్, పికింగ్ అప్. 'ఐ పిక్డ్ హిమ్ అప్.' ఇదొక్కటి నోటికి ఎక్కించుకుంటే ఈ మెట్టు దాటినట్టే.

ఒక చిన్న ముచ్చట. ఫ్రేజల్ వర్బ్ అన్న పేరును 1925లో లోగన్ పియర్సల్ స్మిత్ అనే ఆయన అచ్చులోకి తెచ్చాడు. ఆ పేరు తనకు చెప్పింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే రాసుకున్నాడు. సరిగ్గా అదే 1925లో ఫోర్డ్ కంపెనీ తన మోడల్ టి బండికి వెనక తొట్టి బిగించి, 'పికప్ బాడీ' అన్న పేరుతో ఫ్యాక్టరీ నుంచే అమ్మడం మొదలుపెట్టింది. మన మామిడికాయల బండ్లకు తాత లాంటి ఆ బండిదీ, వ్యాకరణంలోని ఈ పేరుదీ ఒకే వయసు. ఇది పరీక్షలో అడగరు. మా టాక్సీ అన్నకు మాత్రం పాఠం మొత్తంలో బాగా నచ్చింది ఇదే.

రెండో మెట్టు: రెండు మాటలు కలిస్తే మూడో అర్థం రావడం మనకు కొత్త కాదు

'కొట్టు' అంటే తెలుసు. 'వేయి' అంటే తెలుసు. 'బస్టాండులో ఎవడో నా పర్సు కొట్టేశాడు' అంటే అక్కడ కొట్టడమూ లేదు, వేయడమూ లేదు. దొంగతనం ఉంది. మన భాష నేర్చుకునే పరాయివాళ్లు ఇక్కడ తల పట్టుకుంటారు. మనకది వింతగా కూడా అనిపించదు. ఫ్రేజల్ వర్బ్ పని కూడా ఇంతే: ఒక క్రియ, దాని వెనక అప్, ఆఫ్, అవుట్ లాంటి చిన్న మాట, రెండూ కలిసి కొత్త అర్థం. కాబట్టి 'పిక్ అంటే ఏరడం, అప్ అంటే పైకి, మొత్తం మీద పైకి ఏరడం' అని ముక్కలు చేసి తెలుగు చేయకండి.

ముక్క తగిలితే అర్థం ఎంత మారుతుందో మామిడితోటలో తెలుస్తుంది. 'పిక్ ద మ్యాంగోస్' అంటే చెట్టు మీద కాయలు కోయమని. 'పిక్ అప్ ద మ్యాంగోస్' అంటే కింద రాలినవి ఏరమని. ఈ తేడా తెలియని కుర్రాడు తోటలో యజమాని చెప్పింది ఇంకోలా విన్నాడనుకోండి, పచ్చికాయంతా నేలకు దిగుతుంది. ఒక్క 'అప్' విలువ ఒక్కోసారి ఒక లోడంత.

మూడో మెట్టు: మన 'ఎత్తుకో'తో జత కట్టండి

నేను చెప్పే అసలు మాట ఇది. నిఘంటువు తీస్తే పిక్ అప్‌కి పదీ పదిహేను అర్థాలు కనిపిస్తాయి. అవన్నీ బట్టీ పట్టక్కర్లేదు. చిత్తూరు, తిరుపతి వైపు వాళ్లకు ఒక సొంత మాట ఉంది, 'ఎత్తుకో'. వేరే జిల్లాల వాళ్లు 'తీసుకో' అనేచోట మనం 'ఎత్తుకో' అంటాం. 'ఆ సంచి ఎత్తుకోని రా', 'మందులు ఎత్తుకున్నావా' అంటే బయటి ఊళ్ల వాళ్లు నవ్వుతారు. నవ్వనీండి. పిక్ అప్ అర్థాల్లో సగానికి పైగా ఈ ఒక్క మాట కిందికే వస్తాయి.

పడి ఉన్నదాన్ని చేతిలోకి తీసుకోవడం మొదటిది. 'షి పిక్డ్ అప్ ద చైల్డ్' అంటే బిడ్డను ఎత్తుకుంది. 'హి పిక్డ్ అప్ ద బ్యాగ్' అంటే సంచి ఎత్తుకున్నాడు.

ఫోన్ ఎత్తడం. 'ఐ కాల్డ్ హిమ్ త్రీ టైమ్స్, హి డిడ్ నాట్ పిక్ అప్' అంటే మూడుసార్లు చేశాను, ఎత్తలేదు. మనం 'ఫోన్ లిఫ్ట్ చెయ్' అంటాం. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది కానీ, విదేశీ అతిథికి 'లిఫ్ట్ ద ఫోన్' అని మెసేజ్ పెడితే బల్ల మీదున్న ఫోన్‌ను గాల్లోకి లేపమన్నట్టు వినిపించొచ్చు.

బండి తీసుకుపోయి మనుషుల్ని ఎక్కించుకోవడం. డ్రైవర్లకు ఇదే అన్నం పెట్టే అర్థం. 'ఐ విల్ పిక్ యు అప్ ఫ్రమ్ విష్ణు నివాసం ఎట్ సిక్స్' అంటే ఆరింటికి విష్ణు నివాసం దగ్గరికి వచ్చి మిమ్మల్ని ఎక్కించుకుంటాను. ఇందులో రెండు పనులున్నాయి: వాళ్లున్న చోటికి మనం పోవడం, బండి ఎక్కించుకోవడం. ఊరికే ప్లాట్‌ఫారం మీద నిలబడి దండ వేసి పలకరిస్తే అది 'మీట్' అవుతుంది, పిక్ అప్ కాదు.

పోలీసులు ఎత్తుకుపోవడం. 'ద పోలీస్ పిక్డ్ హిమ్ అప్ లాస్ట్ నైట్.' నిన్న రాత్రి పోలీసులు ఎత్తుకుపోయారు. చూడండి, మాటకు మాట సరిపోయింది.

ఆపిన చోట మళ్లీ అందుకోవడం. భజనలో ఒకరు ఆపితే ఇంకొకరు చరణం ఎత్తుకుంటారు కదా, అది. 'లెట్ అజ్ పిక్ అప్ వేర్ వి స్టాప్డ్ ఎస్టర్‌డే' అంటే నిన్న ఆపిన కాడి నుంచి ఎత్తుకుందాం.

దారిలో ఏదో ఒకటి తీసుకురావడం. 'పిక్ అప్ సమ్ మిల్క్ ఆన్ యువర్ వే హోమ్' అంటే ఇంటికి వస్తూ పాలు ఎత్తుకోని రా. ఇది చిన్న చిన్న కొనుగోళ్లకే. నగల కొట్లో ఐదు లక్షలు పోసి హారం కొని 'ఐ పిక్డ్ అప్ ఎ నెక్లెస్' అంటే గొప్పలకు పోతున్నట్టుంటుంది. పార్సిల్, ఉతికిన బట్టలు, ప్రింటవుట్ లాంటివి మన కోసం సిద్ధంగా ఉంటే పోయి తెచ్చుకోవడానికి కూడా ఇదే క్రియ.

ఇక 'ఎత్తుకో'లో పట్టనివి కొన్ని ఉన్నాయి. వాటిలో నాకు ఇష్టమైనది భాష గురించినది. మన ఊళ్లో పూలమ్మే అవ్వను తీసుకోండి. బడికి పోలేదు. వచ్చిన యాత్రికుడి మొహం చూసి తమిళం, కన్నడం, హిందీ మార్చి మార్చి బేరమాడుతుంది. ఎవరు నేర్పారంటే 'ఎవరు నేర్పుతారబ్బా, వచ్చేసింది' అంటుంది. ఆ 'వచ్చేసింది', ఆ 'అబ్బింది', అదే ఇంగ్లీషులో పిక్ అప్. 'షి పిక్డ్ అప్ టమిళ్ ఇన్ ద బజార్.' పుస్తకం పెట్టుకుని, పంతులు దగ్గర కూర్చుని నేర్చుకుంటే అది 'లెర్న్'. వింటూ చూస్తూ పట్టుబడితే పిక్ అప్. కాబట్టి 'ఐ పిక్డ్ అప్ ఇంజినీరింగ్ ఇన్ ఫోర్ ఇయర్స్' అనకండి. కాలేజీ ఫీజు కట్టిన నాయన బాధపడతాడు. ఇంటర్వ్యూలో మాత్రం ఈ అర్థం బాగా పనికొస్తుంది: 'ఐ పిక్ థింగ్స్ అప్ క్విక్లీ', అంటే ఏదైనా తొందరగా పట్టేస్తాను. 'ఐ యామ్ వెరీ ఇంటెలిజెంట్' కంటే ఇది వినసొంపుగా ఉంటుంది.

జలుబు, దగ్గు తగులుకోవడం కూడా అలాగే అయాచితంగా వచ్చేదే. 'ఐ పిక్డ్ అప్ ఎ కోల్డ్ ఇన్ ద క్యూ.' ఫోన్‌కు సిగ్నల్ అందడం: 'మై ఫోన్ ఈజ్ నాట్ పికింగ్ అప్ ఎనీ సిగ్నల్ ఆన్ ద ఘాట్ రోడ్.' హోటల్లో అందరి బిల్లూ ఒకరు పెట్టుకోవడం: 'హి పిక్డ్ అప్ ద బిల్.' ఇవి ఒకసారి విని ఉంచుకుంటే చాలు.

చివరిది పుంజుకోవడం. గాలి పుంజుకుంటుంది, వేగం పుంజుకుంటుంది, వ్యాపారం పుంజుకుంటుంది. 'బిజినెస్ పిక్స్ అప్ ఇన్ ద సమ్మర్ హాలిడేస్' అంటే వేసవి సెలవుల్లో వ్యాపారం పుంజుకుంటుంది. బడులకు సెలవులిస్తే తిరుపతిలో టాక్సీ వాళ్లకూ లాడ్జీలకూ జరిగేది అదే. ధరలకూ ఇదే మాట. అయితే 2025 సీజన్‌లో తోతాపురి మామిడి పండించిన చిత్తూరు రైతులకు దక్కింది మాత్రం దీనికి కాదన్న మాట తగిలించిన రూపం: 'ద ప్రైసెస్ డిడ్ నాట్ పిక్ అప్.'

నాలుగో మెట్టు: మోకాళ్ల మెట్టు

అలిపిరి దారిలో నడిచినవాళ్లకు తెలుసు, అక్కడిదాకా హుషారుగా వచ్చినవాళ్లు కూడా మోకాళ్ల పర్వతం దగ్గర మోకాలి మీద చెయ్యి వేస్తారు. ఈ పాఠంలో అది ఇక్కడ. నిదానంగా ఎక్కండి.

ఎత్తుకునే వస్తువును ఎక్కడ పెట్టాలి? 'అప్' తర్వాతా, పిక్‌కీ అప్‌కీ మధ్యనా?

వస్తువు పేరు చెబితే రెండూ సరే. 'పిక్ అప్ ద లగేజ్' అనొచ్చు, 'పిక్ ద లగేజ్ అప్' అనొచ్చు. పేరు పొడవుగా ఉంటే మాత్రం చివర పెట్టడమే మేలు. 'పిక్ అప్ ద టూ లేడీస్ వెయిటింగ్ అవుట్‌సైడ్ ద స్టేషన్' అనాలి. ఆ పొడవంతా మధ్యలో ఇరికించి ఎక్కడో చివర 'అప్' అంటే, వినేవాడు ఆ పాటికి పిక్‌ను మరిచిపోతాడు.

సర్వనామం వస్తే, అంటే మీ, యు, హిమ్, హర్, ఇట్, అజ్, దెమ్ వస్తే, దాని చోటు ఒక్కటే. మధ్యన. 'పిక్ మీ అప్.' 'పిక్ ఇట్ అప్.' 'పిక్ దెమ్ అప్.' 'పిక్ అప్ మీ', 'పిక్ అప్ ఇట్' అని ఎక్కడా ఎప్పుడూ ఉండవు. మా క్లాసులో అందరూ చేసిన తప్పు ఇదే: 'విల్ యు పిక్ అప్ మీ?' అర్థం అవుతుంది, ఎవరూ ఏమీ అనరు. కాకపోతే ఇంగ్లీషు బాగా వచ్చినవాడికి 'నేను వచ్చాడు' అన్నట్టు వినిపిస్తుంది.

ఎందుకలా? ఇంగ్లీషు వాక్యంలో చివరి చోటు మామూలుగా బరువైన మాటకు ఇస్తారు. కొత్త సంగతి అక్కడ చెబుతారు, గొంతు అక్కడ నొక్కుతారు. 'ఇట్', 'మీ' లాంటివి తేలిక మాటలు, ముందే తెలిసినదాని గురించి చెప్పేవి. వాటిని బరువు చోట కూర్చోబెట్టరు, మధ్యలోకి జరుపుతారు. బస్సులో ముగ్గురు కూర్చునే సీటులో పిల్లోడిని ఎప్పుడూ మధ్యన కూర్చోబెట్టినట్టు.

గుర్తుకు ఒక కిటుకు. నీరసంగా ఉన్నప్పుడు ప్రాణం లేచొచ్చేలా చేసేదాన్ని ఇంగ్లీషులో 'పిక్-మీ-అప్' అంటారు. తెల్లవారుజామున సుప్రభాతం వేళకు స్టేషన్ ఎదురుగా తాగే ఫిల్టర్ కాఫీ అసలైన పిక్-మీ-అప్. అందులో 'మీ' ఎక్కడుంది? మధ్యన. అనుమానం వచ్చినప్పుడల్లా ఆ కాఫీని తలచుకోండి. మా లాడ్జి కుర్రాడు ఇప్పటికీ జవాబిచ్చే ముందు ఒక క్షణం 'కాఫీ' అని గొణుక్కుంటాడు, తర్వాత సరిగ్గా చెబుతాడు.

అలిపిరి దగ్గర నడిచిపోయే అతిథికి సామాను సంగతి చెప్పాలంటే: 'యు కెన్ లీవ్ యువర్ లగేజ్ హియర్ అండ్ పిక్ ఇట్ అప్ ఆన్ ద హిల్.' సామాను పేరు మొదటి సగంలో వచ్చేసింది, రెండో సగంలో 'ఇట్' అయింది, మధ్యలో కూర్చుంది. ఈ ఒక్క వాక్యం పదిసార్లు పైకి చదవండి.

కొన్ని జంటలు మాత్రం విడదీయరు. 'పిక్ అప్ స్పీడ్' ఎప్పుడూ అలాగే ఉంటుంది, 'పిక్ స్పీడ్ అప్' అనరు. 'ప్లీజ్ డోంట్ పిక్ అప్ స్పీడ్ ఆన్ ద వే డౌన్' అని ఘాట్ దిగేటప్పుడు వెనక సీట్లో పెద్దవాళ్లు అంటే, నెమ్మదిగా పోనివ్వమని. ఎటూ పెట్టిన సమయం కంటే ముందే కిందికి చేరితే జరిమానా ఉండనే ఉంది.

ఐదో మెట్టు: కర్మ ఉందా లేదా చూడండి

టాక్సీ అన్నను ఎండలో తిప్పిన మెసేజ్‌కు మందు ఇదే. వాక్యంలో ఎవరిని, దేన్ని అన్నది లేకుండా వట్టి 'పిక్ అప్' ఉండి, అది మనిషికి చెప్పిన మాటైతే దాదాపు ఎప్పుడూ ఫోన్ గురించే. 'ప్లీజ్ పిక్ అప్', 'హి ఈజ్ నాట్ పికింగ్ అప్', 'వై డోంట్ యు పిక్ అప్?' అన్నీ ఫోనే. 'మీ', 'అజ్' అని మధ్యలో ఉంటే బండి తీయండి. మనిషి కాకుండా వ్యాపారం, గాలి, అమ్మకాలు వట్టి పిక్ అప్ అయితే పుంజుకోవడం.

'ప్లీజ్ పిక్ అజ్ అప్' అని ఉండి ఉంటే ఆ రోజు రేణిగుంట పోవడంలో తప్పులేదు. ఒక్క 'అజ్' లేదు. టీ చల్లారింది, డీజిల్ కాలింది.

ఆరో మెట్టు: చెవికీ నోటికీ

ఇంగ్లీషు వాళ్లు రెండు ముక్కలుగా రాస్తారు, కలిపి పలుకుతారు. 'వాడు ఎక్కడ' అని రాసి 'వాడెక్కడ' అనే మనకు సంధి కొత్తేం కాదు. పిక్ ఇట్ అప్ చెవికి 'పికిటప్' అని వినిపిస్తుంది. పిక్డ్ అప్ 'పిక్టప్' అవుతుంది. 'పిక్కెడ్ అప్' అని మాత్రం పలకకండి, అక్కడ 'ఎడ్' అన్న శబ్దమే లేదు. ఐ విల్ పిక్ యు అప్ కాస్త తొందరలో 'ఐల్ పిక్యువప్' అయిపోతుంది. ఫోన్‌లో అది విని అర్థం కాలేదని కంగారు పడే బదులు, ముందే మనమే రెండు మూడుసార్లు అలా అని చూసుకుంటే చెవి అలవాటు పడుతుంది.

బరువు ఎక్కడ పడుతుందో కూడా గమనించండి. నామవాచకమైన పికప్‌లో 'పి' గట్టిగా వస్తుంది. క్రియలో, ముఖ్యంగా మధ్యలో సర్వనామం ఉన్నప్పుడు, 'అప్' గట్టిగా వస్తుంది.

ఏడో మెట్టు: జాగ్రత్తలు, ఆపైన పని

ఒక అర్థం గురించి తప్పకుండా తెలిసి ఉండాలి. ముక్కూమొహం తెలియని అమ్మాయినో అబ్బాయినో మాటల్లో పెట్టి వెంట తీసుకుపోవడానికి కూడా ఇంగ్లీషులో పిక్ అప్ అనే అంటారు. అందుకే 'ఐ పిక్డ్ అప్ ఎ గర్ల్ నియర్ ద బస్ స్టాండ్' అని ఒక డ్రైవర్ అమాయకంగా అంటే వినేవాళ్ల కనుబొమలు లేస్తాయి. 'ఐ పిక్డ్ అప్ ఎ ప్యాసింజర్' అనండి, 'ఎ గెస్ట్' అనండి. గొడవ ఉండదు.

పిక్‌కు వేరే తోకలు తగిలితే వేరే అర్థాలు. 'పిక్ ఆన్' అంటే ఒకరినే పట్టుకుని వేధించడం. 'పిక్ అవుట్' అంటే చాలావాటిలోంచి ఎంచుకోవడం. 'పిక్ అప్ ఆన్' అంటే ఎవరూ చెప్పకుండానే పసిగట్టడం. ఇప్పటికి పేర్లు విని ఉంచుకోండి. అన్నీ ఒకేసారి మీద వేసుకుంటే ఏదీ నిలవదు.

దింపడానికి మనం 'డ్రాప్' అంటాం. 'ఐ విల్ డ్రాప్ యు ఎట్ తిరుచానూర్' బాగానే ఉంటుంది. 'డ్రాప్ యు ఆఫ్' అంటే ఇంకా బాగుంటుంది. అక్కడ కూడా 'యు' మధ్యనే, కాఫీ సూత్రమే.

ఇక సంభాషణ ఒకటి. ఇద్దరు కూర్చుని పైకి చదవండి, తర్వాత పాత్రలు మార్చుకోండి.

అతిథి: 'కెన్ యు పిక్ అజ్ అప్ ఫ్రమ్ ద హోటల్ టుమారో?'
డ్రైవర్: 'ష్యూర్ సార్. వాట్ టైమ్ షల్ ఐ పిక్ యు అప్?'
అతిథి: 'అరౌండ్ ఫైవ్. వి హ్యావ్ టు పిక్ అప్ మై మదర్ టూ.'
డ్రైవర్: 'నో ప్రాబ్లమ్. వేర్ షల్ వి పిక్ హర్ అప్?'
అతిథి: 'ఎట్ ద స్టేషన్. ఇఫ్ ఐ కాల్, ప్లీజ్ పిక్ అప్.'
డ్రైవర్: 'ఐ విల్, సార్.'

మై మదర్ అన్నప్పుడు 'అప్' తర్వాత వచ్చింది, హర్ అయ్యేసరికి మధ్యలోకి జరిగింది. చివరి పిక్ అప్‌కు కర్మ లేదు, కాబట్టి ఫోన్. పాఠంలో ముఖ్యమైనదంతా ఆరు మాటల్లో వచ్చేసింది.

ఇప్పుడు ఈ ఐదు వాక్యాలకు మీరే ఇంగ్లీషు చెప్పండి. కింద జవాబులు చూడకుండా.

ఒకటి, కాణిపాకం నుంచి వస్తూ మా చెల్లెల్ని చిత్తూరులో ఎక్కించుకున్నాను. రెండు, తాళాలు కింద పడ్డాయి, ఎత్తుకో. మూడు, మా అన్న చెన్నైలో ఆరు నెలల్లో తమిళం పట్టేశాడు. నాలుగు, దసరా నుంచి వ్యాపారం పుంజుకుంటోంది. ఐదు, అమ్మ ఫోన్ ఎత్తడం లేదు.

జవాబులు. 'ఐ పిక్డ్ అప్ మై సిస్టర్ ఇన్ చిత్తూర్ ఆన్ ద వే బ్యాక్ ఫ్రమ్ కాణిపాకం.' 'ద కీస్ ఫెల్ డౌన్, పిక్ దెమ్ అప్.' తాళాలు ఒకటి కంటే ఎక్కువ కాబట్టి 'ఇట్' కాదు. 'మై బ్రదర్ పిక్డ్ అప్ టమిళ్ ఇన్ సిక్స్ మంత్స్ ఇన్ చెన్నై.' 'బిజినెస్ హ్యాజ్ బీన్ పికింగ్ అప్ సిన్స్ దసరా.' 'మదర్ ఈజ్ నాట్ పికింగ్ అప్.' ఈ చివరిదానికి మా క్లాసులో ఒకరు 'ద ఫోన్' అని తగిలించారు. తప్పేం కాదు, పెట్టొచ్చు. పెట్టకపోయినా ఫోనేనని మా టాక్సీ అన్న అందరికంటే ముందు చెప్పాడు.